అల్లుడుగారి వెనక బండి

పెళ్ళిలో అలకపాన్పు ఎక్కిన పెళ్ళికొడుకు ఏమడుగుతాడు? చేతి గడియారం అడుగుతాడు, సైకిలు అడుగుతాడు. మరీ ఆశపోతయితే అరెకరం మాగాణి అడుగుతాడు. బుచ్చిబాబు మాత్రం మంచం మీద కాలు మీద కాలేసుకుని, ముంతెడు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "మామగారూ, నాకు మొదటి బస్సు కావాలండీ" అన్నాడు.

మామగారంటే ఏలూరులో కామేశ్వరీ మోటారు సర్వీసు యజమాని పట్టాభిరామయ్యగారు. ఆయనకు ఉన్నవే రెండు బస్సులు. రెండూ పొద్దున్నే ఏలూరులో బయలుదేరి తాడేపల్లిగూడెం వెళ్ళి, సాయంత్రానికి తిరిగి వస్తాయి. అల్లుడు అడిగింది బస్సు రాసిమ్మని కాదు. దాని మీద కూర్చుని, బూరా నొక్కుకుంటూ, తానే స్వయంగా నడపాలిట. పెళ్ళివారంతా విరగబడి నవ్వారు. పట్టాభిరామయ్యగారు కూడా నవ్వి, సరేనన్నారు. నవ్వనివాడు ఒక్కడే. పందిరి వెనక వంటవాళ్ళకు నీళ్ళ డబ్బాలు దింపుతున్న పెద్దింటయ్య. ఆ మొదటి బస్సు డ్రైవరు అతనే మరి!

పెద్దింటయ్య పుట్టింది కొల్లేటి నడుమ ఒక లంకలో. పెద్దింటమ్మవారికి మొక్కుకోగా పుట్టాడని ఆ పేరు పెట్టారు. పదేళ్ళు వచ్చేసరికే తాటిదోనె మీద నిలబడి గెడ వేసుకుంటూ చేపల బుట్టలు ఒడ్డుకు చేర్చేవాడు. ఇరవయ్యో ఏట ఒకసారి ఏలూరు వచ్చినప్పుడు, వానకు దిగబడిపోయిన బస్సొకటి రోడ్డు మీద కనిపించింది. పదిమంది వెనకనుంచి తోస్తున్నారు, పాతికమంది చుట్టూ నిలబడి సలహాలు చెబుతున్నారు. పెద్దింటయ్య ఎవరినీ ఏమీ అడగలేదు. వెళ్ళి కాలవలో కట్టిన దోనెలోంచి తన గెడ తెచ్చి, చక్రం కింద దూర్చి ఎత్తాడు. బస్సు కదిలింది. "ఒరే, మా దగ్గర చేరతావా?" అన్నారు పట్టాభిరామయ్యగారు అక్కడికక్కడే. ఆ రోజు బుట్టలో చేపలు ఎవరు తిన్నారో గాని, కొల్లేటికి మాత్రం ఒక పడవవాడు తగ్గిపోయాడు.

నాలుగేళ్ళు క్లీనరుగా చేసి, ఐదో ఏట స్టీరింగు పట్టాడు. పట్టిన నాటి నుంచి అతని చేతిలో ఆ బండి ఎవరినీ నొప్పించలేదు. బాలింతల్ని తీసుకువెళ్ళేవాళ్ళు ముందే వచ్చి, "ఇవాళ పెద్దింటయ్యేనా అండీ?" అని అడిగి మరీ ఎక్కేవారు. ఆ మాట వినపడితే అతనికి ఆ పూట అన్నం అక్కర్లేదు. అలాంటివాణ్ణి, అల్లుడుగారి పెళ్ళైన మూడోనాడు, రెండో బస్సులోకి మార్చారు.

మారిస్తే మార్చారు, దాంతో సరిపెట్టారా? అల్లుడి కంటే ముందు ఇంట్లో ఎవరికీ విస్తరి వెయ్యకూడదన్నది మన మర్యాద. ఆ మర్యాదను పట్టాభిరామయ్యగారు రోడ్డు మీదికి కూడా తెచ్చారు. అల్లుడుగారి బండిని మన బండి దాటకూడదు. అల్లుడుగారు మెల్లగా పోతే మనమూ మెల్లగా పోవాలి. అల్లుడుగారు చుట్ట కాల్చుకోవడానికి ఆగితే మనమూ ఆగాలి. ఇదీ ఆర్డరు.

రెండేళ్ళు పెద్దింటయ్య అల్లుడుగారి దుమ్ము తిన్నాడు. దెందులూరు దాటేసరికి కనుబొమలు ఎర్రబడేవి, భీమడోలు వచ్చేసరికి మీసం ఎర్రబడేది. సాయంత్రం ఇంటికి పోతే భార్య సూరమ్మ గుమ్మంలోనే ఆపి, రెండు చెంబుల నీళ్ళు పోసి, మనిషిని గుర్తుపట్టాక లోపలికి రానిచ్చేది. ప్రయాణికులు అతని పేరు కూడా మరిచిపోయారు. "వెనక బండాయన" అనేవారు. ఆ మాట అతనికి దుమ్ము కంటే ఎక్కువ మండేది. పైకి అనేవాడు కాదు. ఎవరేమన్నా "ఆయ్, అలాగేనండి" అనేవాడు. "అలాగేనండి" అన్న మాట లేకపోతే మా గోదావరి జిల్లాల్లో సగం మంది యజమానులు అన్నానికి లేక మాడిపోయేవారు.

ఇలా ఉండగా ముప్ఫై ఐదో సంవత్సరం మే నెలలో జూబిలీ వచ్చింది. ఎక్కడో ఇంగ్లండు సీమలో రాజుగారు గద్దె ఎక్కి పాతికేళ్ళయిందని ఇక్కడ ఏలూరులో పెద్దమనుషులు కమిటీ కట్టారు. మిఠాయిలు పంచడం, దీపాలు పెట్టడం అయ్యాక ఇంకా ఏదో వెలితిగా తోచి, మోటారు బస్సుల పందెం పెట్టారు. రాజుగారు గద్దె ఎక్కితే బస్సులెందుకు పరిగెత్తాలో కమిటీలో ఎవరూ అడగలేదు. అడిగితే కమిటీలోంచి తీసేస్తారేమోనని భయం.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా పందెం. ప్రతి బస్సులోనూ పదిమందికి తక్కువ కాకుండా ప్రయాణికులుండాలి. గెలిచిన సర్వీసుకు కప్పు, గెలిచిన డ్రైవరుకు వెండి పతకం. పతకం మీద ఎవరి పేరు పడితే వారి పేరు ముందే చెక్కించడానికి వీల్లేదని, గూడెంలో రిబ్బను కట్టినచోటే ఒక కంసాలిని పనిముట్లతో సహా కూర్చోబెట్టారు. ఎవడు గెలిస్తే వాడి పేరు అక్కడికక్కడే చెక్కుతాడు.

ఆ కంసాలి సంగతి విన్న దగ్గర్నుంచి పెద్దింటయ్యకు నిద్ర లేదు. అతనికి కప్పు వద్దు. ఆ పతకం కావాలి. వెనక బండాయనకు కూడా ఒక పేరుందని వెండి మీద రాసి ఉండాలి. ఇంతకంటే దాచుకునేది ఏమీ లేదు అతని మనసులో. "తెత్తావా?" అంది సూరమ్మ. "ఆయ్, తెత్తాను" అన్నాడు, అల్లుడుగారి సంగతి ఆ క్షణానికి మరిచిపోయి.

పందెం ముందు రోజు పట్టాభిరామయ్యగారు అతన్ని పిలిచారు.

"ఒరే పెద్దింటయ్యా, రేపు పందెంలో మన బళ్ళు రెండూ ఉంటాయి. గూడెంవాళ్ళ బండి ఒకటి, దాన్ని సూర్రావు తోలతాడు. మొత్తం మూడు. అల్లుడుగారు ముందు, నువ్వు వెనకాల. సూర్రావు మీ ఇద్దర్నీ దాటకుండా నువ్వు రోడ్డు మధ్య కాసుకో. తెలిసిందా?"

"ఆయ్. ఒకేళ బాబుగారి బండి ఆగిపోతేనండి?"

"ఎందుకాగుతుంది?"

పెద్దింటయ్య చెప్పడానికి పది కారణాలున్నాయి. పదీ మింగి, "ఎందుకూ ఆగదండి" అన్నాడు.

పట్టాభిరామయ్యగారికి అల్లుడి మీద గొప్ప నమ్మకం. కూతురు చంద్రకళను ఇచ్చారు, బస్సు ఇచ్చారు, రేపు కప్పు కూడా ఇచ్చేస్తున్నారు. ఒక్క ప్రాణం మాత్రం ఇవ్వలేదు. పందెం రోజున ఏ బండి ఎక్కుతారండీ అని అడిగితే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వెళ్ళి పెద్దింటయ్య బండెక్కారు. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, చేతిలో గొడుగు పెట్టుకున్నారు. ఇంజను మోతలో మాట వినపడదు కాబట్టి ఒక ఏర్పాటు చేశారు. గొడుగు కర్రతో వీపు మీద ఒకసారి పొడిస్తే నిదానించాలి, రెండుసార్లు పొడిస్తే ఆపెయ్యాలి. వేగంగా పొమ్మనడానికి మాత్రం ఏ పొడుపూ పెట్టలేదు.

ఆ పక్కనే దెందులూరు మోతుబరి ఇల్లాలు వెంకటనరసమ్మగారు కూర్చుంది. ఆవిడకు పందెంతో పనిలేదు. గూడెంలో చెల్లెలి మనవడికి అన్నప్రాశన. టిక్కెట్టు లేకుండా తీసుకువెళతారని తెలిసి, ఏలూరు దాకా వచ్చి మరీ ఎక్కింది.

ఏడు గంటలకు జెండా ఊపారు. బుచ్చిబాబు బండి ముందు బయలుదేరింది. కళ్ళజోడు, పట్టు చొక్కా, మెడలో ముందుగానే వేసుకున్న బంతిపూల దండ. వెనక పెద్దింటయ్య. వాళ్ళ వెనక సూర్రావు. పెద్దింటయ్య రోడ్డు మధ్యన పడి, సూర్రావు ఎటు వస్తే అటు జరుగుతూ, అల్లుడుగారి దుమ్ము మింగుతూ పోయాడు. కాలు అతని మాట వినడం లేదు. గట్టిగా తొక్కుదామంటుంది. తొక్కినప్పుడల్లా వీపు మీద గొడుగు పడుతుంది. దెందులూరు దాటేసరికి ఏడు పొడుపులయ్యాయి.

భీమడోలు ఇంకా మైలుందనగా బుచ్చిబాబు బండి ముక్కులోంచి ఆవిరి లేచింది. ఇంకో ఫర్లాంగు ఆ ఆవిరిలోనే వెళ్ళి, కాలవగట్టు పక్కన ఆగిపోయింది. వెనక రెండు పొడుపులు పడ్డాయి. పెద్దింటయ్య కూడా ఆపాడు.

బూరా వాయించుకుంటూ సూర్రావు ఇద్దర్నీ దాటిపోయాడు. పోతూ పోతూ చెయ్యి ఊపాడు కూడా. 

బుచ్చిబాబు రేడియేటరులో చాలినన్ని నీళ్ళు పొయ్యకుండా బయలుదేరాడు. బండిలో డబ్బా కూడా లేదు. డబ్బా పెట్టాల్సిన చోట కప్పు తెచ్చుకోవడానికి ఖాళీ బుట్ట పెట్టుకున్నాడు. పెద్దింటయ్య తన రెండు డబ్బాలూ దింపి అతని ముందు పెట్టాడు.

"బాబుగారండీ, ఇంజను కాగిపోయి ఉందండి. ఓ అరగంట సల్లారనిచ్చి అప్పుడు పొయ్యండి. ఇప్పుడే పోసేరంటే పగిలిపోద్దండి."

"నాకు చెప్పేవాడివా నువ్వు?" అన్నాడు బుచ్చిబాబు.

ఇక్కడ పట్టాభిరామయ్యగారి అవస్థ చూడాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అల్లుడి దగ్గర ఆగితే కప్పు పోతుంది. అల్లుణ్ణి దాటితే అల్లుడు పోతాడు. బస్సులో జనం గోల పెడుతున్నారు. వెంకటనరసమ్మగారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏవండీ పట్టాభిరామయ్యగారూ, ఆగి కూర్చోవడానికైతే మా ఎడ్లబండి చాలదటండీ? అన్నప్రాశనకి బయల్దేరాను, వాడి పెళ్ళికైనా అందుతానా?" అంది. 

చివరికి ఆయన ఒక ఉపాయం పన్నారు. బస్సు ఎక్కి పెద్దింటయ్య చెవిలో, "పద. సూర్రావును దాటు. దాటాక రిబ్బను దగ్గర ఆగు. ఈలోగా అల్లుడుగారు నీళ్ళు పోసుకుని వచ్చేస్తారు. వారు ముందు దాటతారు, నువ్వు వెనక దాటు" అన్నారు. వెనకనుంచి "మామగారూ!" అన్న కేక వినిపించింది. మామగారికి ఆ చెవి కొంచెం వినపడదని అప్పటికప్పుడు గుర్తొచ్చింది.

బండి కదిలింది. పెద్దింటయ్య ఎదర రోడ్డు ఉంది, రోడ్డు మీద దుమ్ము లేదు. రెండేళ్ళ తరవాత మొదటిసారి అతనికి దూరాన ఉన్న తాటిచెట్లు, వాటి మీద గద్దలు, మైలు రాళ్ళ మీద అంకెలు కనిపించాయి. ఆ ఆనందంలో అతను బూరా కూడా నొక్కడం మరిచిపోయాడు.

పుళ్ళ దాటాక సూర్రావు దొరికాడు. సూర్రావు కూడా చేతకానివాడు కాదు. రోడ్డు నడుమ పడి, అటూ ఇటూ దారి ఇవ్వకుండా పోతున్నాడు. కొల్లేట్లో నాచు మధ్య సన్నటి దారిలో ముందు దోనెవాడు అడ్డం తిరిగితే, వాడితో దెబ్బలాడే పడవవాడు ఉండడు. నాచు పలచగా ఉన్నచోటు చూసుకుని పక్కనుంచి దూరిపోతాడు. పెద్దింటయ్య అదే చేశాడు. కైకరం దగ్గర గేదెల మంద రోడ్డెక్కి సూర్రావు నిదానించగానే, ఎండిపోయిన చేలల్లోకి దిగే బండిబాటలోకి మలిపి, కోతలైపోయిన మాగాణి మీదుగా బస్సును ఎగరేసుకుంటూ పోయి, మంద అవతల రోడ్డెక్కాడు. బస్సులో తలలు పైకప్పుకు తగిలాయి. ఒక్కరూ తిట్టలేదు. వెంకటనరసమ్మగారి తాంబూలం కొంగు మీద పడింది, ఆవిడా తిట్టలేదు. గొడుగు మాత్రం తన పని తాను చేస్తూనే ఉంది.

గూడెం వచ్చింది. ఎదురుగా రిబ్బను, రిబ్బను పక్కన షామియానా, షామియానా కింద కమిటీవాళ్ళు, కమిటీవాళ్ళ పక్కన కంసాలి. ఇంకో ఫర్లాంగు. అప్పుడు వీపు మీద రెండు పొడుపులు పడ్డాయి. పెద్దింటయ్య ఆపాడు.

షామియానా కిందవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. గెలిచే బండి గెలవకుండా ఎందుకాగింది? కొందరు పెట్రోలు అయిపోయిందనుకున్నారు. కొందరు వర్జ్యం అనుకున్నారు. రా రమ్మని చేతులూపారు. పట్టాభిరామయ్యగారు కూడా నవ్వుతూ చెయ్యి ఊపి, తల తిప్పి వెనక రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

పది నిమిషాలయింది. అల్లుడుగారు రాలేదు. వెనక దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి సూర్రావు బండి బయటపడింది.

"సూర్రావొత్తన్నాడండి" అన్నాడు పెద్దింటయ్య.

"చూస్తున్నాను."

"పోనియ్యమంటారాండి?"

పట్టాభిరామయ్యగారు అతని చెవి దాకా ముందుకు వంగారు. తరవాత, చాలా మెత్తగా, ఇంట్లో మనిషికి చెప్పినట్టుగా చెప్పారు.

"వద్దురా. వాణ్ణే గెలవనీ. పరాయివాడు గెలిస్తే నాకు ఒక్కపూట నామోషీ. నువ్వు గెలిస్తే మా ఇంట్లో రోజూ కురుక్షేత్రం. అల్లుడు వెనక, డ్రైవరు ముందా? నలుగురూ ఏమంటారు?"

రెండేళ్ళుగా పెద్దింటయ్య తిన్న దుమ్మంతా సర్వీసు కోసమని అనుకున్నాడు. బండి మనదే, ఎవరు ముందైతేనేమిటని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఇప్పుడు తెలిసింది. ఆయనకు సూర్రావు శత్రువు కాడు. సూర్రావు చేతిలో ఓడిపోవచ్చు. తన చేతిలోనే గెలవకూడదు. ఒళ్ళంతా కోపం వచ్చింది అతనికి. కోపంలో కూడా "ఆయ్, అలాగేనండి" అనే అన్నాడు. అంటూనే గట్టిగా తొక్కాడు.

గొడుగు లేచింది. అయితే దాని కొసను వెంకటనరసమ్మగారు పట్టేసుకుంది. "ఎండ మొహాన కొడుతోందండీ, ఇలా ఇవ్వండి" అని లాక్కుని, బస్సులోనే విప్పుకుని వేసుకుంది. ఇక పొడిచేందుకు ఏమీ మిగలలేదు. సూర్రావు బండి ముక్కు పెద్దింటయ్య కిటికీ దాకా వచ్చింది గాని, రిబ్బను తెగింది పెద్దింటయ్య బండికే.

కంసాలి ఉలి పట్టుకుని, "పేరు చెప్పండి" అన్నాడు. పెద్దింటయ్య అప్పుడే బండి దిగుతున్నాడు. పట్టాభిరామయ్యగారు "అదీ... మా సర్వీసు... మా అల్లుడు..." అని నసుగుతున్నారు. "పెద్దింటయ్య! చెక్కవయ్యా, నాకవతల అన్నప్రాశన!" అని గొడుగు కిందనుంచి వెంకటనరసమ్మగారు కేకేసింది. కంసాలి చెక్కాడు. కప్పు పట్టాభిరామయ్యగారు పుచ్చుకున్నారు. పతకం పెద్దింటయ్య చొక్కాకు గుచ్చారు. అది గుచ్చుతున్నంతసేపూ అతను ఊపిరి తీసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో భీమడోలు దగ్గర కాలవగట్టు మీద బుచ్చిబాబు కనిపించాడు. తల మీద ఉత్తరీయం కప్పుకుని, అటు తిరిగి కూర్చున్నాడు. చుట్టూ ఊళ్ళోవాళ్ళు యాభైమంది నిలబడి ఉన్నారు. ఎవరో కొబ్బరిబోండాం ఇచ్చినట్టున్నారు, అది పక్కన అలాగే ఉంది. వీళ్ళు బయలుదేరిన రెండో నిమిషంలోనే అతను కాగుతున్న ఇంజనులో చన్నీళ్ళు కుమ్మరించాడుట. ఇంజను నిలువునా చీలింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పెద్దింటయ్య డబ్బాలో నీళ్ళు ఉప్పు నీళ్ళని అందరికీ చెబుతున్నాడు.

అల్లుడు మళ్ళీ అలకపాన్పు ఎక్కాడు. ఈసారి పాన్పు కాలవగట్టు. పట్టాభిరామయ్యగారు పక్కన చతికిలబడి బతిమాలారు, గడ్డం పట్టుకున్నారు. చివరికి బేరం తేలింది. పతకం తనకివ్వాలి. తనను దాటిపోయినందుకు డ్రైవరు నలుగురి ఎదుటా క్షమాపణ చెప్పుకోవాలి. లేకపోతే ఇటునుంచి ఇటే వాళ్ళ ఊరు పోతాడు, చంద్రకళ మొహం చూడడు.

పట్టాభిరామయ్యగారు పెద్దింటయ్య దగ్గరికి వచ్చారు. "ఒరే, నీకు పతకం ఎందుకురా? పెట్టుకుని ఎక్కడికెళతావు? ఇచ్చెయ్. ఒక్క మాట అనెయ్. అనలేనంటే రేపట్నుంచి బండెక్కకు" అన్నారు.

పెద్దింటయ్య గట్టు మీదికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జనం దగ్గరికి జరిగారు. 

"తప్పయిపోయిందండి బాబుగారూ" అన్నాడు. గొంతులో వెన్న. "చానా పెద్ద తప్పండి. తమరి బండి ఆగుందండి, నా బండి నడుత్తా ఉందండి. ఆగున్నోరిని నడిచేవోడు దాటకూడదని నాకు తెలవదండి. తమరు ఆగే గెలుద్దారని చూత్తన్నారండి, నేను మజ్జిలో అడ్డమొచ్చేశానండి. పరిగెట్టి గెలిచేవోళ్ళు ఊరికి పదిమందుంటారండి. కూసుని గెలిచేవోరు తమరొక్కరేనండి. ఇదుగోండి, పతకం తమరిదేనండి."

జనం పైపంచలు నోట్లో కుక్కుకున్నారు. ఒకడైతే నవ్వాపుకోలేక గట్టు దిగి అవతలికి పరిగెత్తాడు. బుచ్చిబాబుకు మాత్రం ఆ మాటల్లో వినయం తప్ప ఏమీ వినపడలేదు. "సరేలే. ఇకమీదట జాగర్తగా ఉండు" అని క్షమించి, పతకం తీసుకున్నాడు. దాని మీద చెక్కిన పేరు లోపలికి వచ్చేలా తిరగేసి, పట్టు చొక్కాకు గుచ్చుకున్నాడు.

ఆ మాట ఏలూరుకు బస్సు కంటే ముందు వెళ్ళింది. సాయంత్రానికి పవరుపేట హోటళ్ళలో ఒకడు పెద్దింటయ్యగా, ఒకడు బుచ్చిబాబుగా నిలబడి ఆ క్షమాపణ ఆడి చూపిస్తున్నారు. "ఏం అన్నాడండీ! చెప్పుచ్చుక్కొట్టినట్టు అన్నాడు!" అని పొగుడుతున్నారు. దారి పొడుగునా పెద్దింటయ్య వీపు తట్టారు. అంత పొగడ్త అతను పుట్టాక ఎరగడు. ఛాతీ విరుచుకుని ఇంటికి వచ్చాడు. సూరమ్మ చేపల పులుసు వడ్డిస్తుంటే, గట్టు మీద తానన్న మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పాడు. నవ్వుతుందని చూశాడు.

ఆవిడ నవ్వలేదు.

"బాగానే అన్నావు. అందరూ నవ్వేరు?"

"అందరూనే! కడుపు సెక్కలయ్యేట్టు."

"అంతమంది నవ్వేరు గదా. అందులో ఒక్కడు, ఒకే ఒక్కడు, ఆ పతకం ఈయనది, ఈయనకిచ్చెయ్యండి అన్నాడా?"

పెద్దింటయ్య ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

"నువ్వు మాటన్నావు, ఆయన పతకం పెట్టుకున్నాడు" అంది సూరమ్మ, కంచంలో ఇంకో చేప ముక్క వేస్తూ. "మనోళ్ళందరికీ ఇదే జబ్బు. ఉన్నదంతా ఇచ్చేసి, ఎనకాల నుంచి ఓ మాటంటే గెలిచేసినట్టే. తిను, సల్లారిపోద్ది."

నేనూ ఈ జిల్లావాణ్ణే. ఆ మాట నాకు కూడా తగిలింది గనక దాచకుండా చెబుతున్నాను. మేము వెటకారంలో ఓడిపోవడం ఎవరూ చూసి ఉండరు. తతిమ్మా వాటిల్లో ఓడిపోయాకే కదా మరి, వెటకారానికి దిగేది!

మర్నాడు పొద్దున్న ఏలూరు బస్సుల దగ్గర జనం ఎప్పటికంటే ఎక్కువగా ఉన్నారు. పెద్దింటయ్య ఇంకేమంటాడో విందామని టిక్కెట్టు అక్కర్లేనివాళ్ళు కూడా వచ్చారు. పాడైన మొదటి బండి షెడ్డులో ఉంది. పట్టాభిరామయ్యగారు, బుచ్చిబాబు రెండో బండి పక్కన నిలబడి ఉన్నారు. ఇవాళ్టి నుంచి ఈ బండి అల్లుడుగారు తోలతారనీ, పెద్దింటయ్య పక్కన కూర్చోవాలనీ అప్పుడే కొత్త ఆర్డరు. పతకం బుచ్చిబాబు చొక్కా మీద తిరగేసే ఉంది.

పెద్దింటయ్య తిన్నగా వచ్చి అతని ఎదురుగా నిలబడ్డాడు. జనం నవ్వడానికి సిద్ధపడి గొంతులు సవరించుకున్నారు.

"ఆ పతకం మీద నా పేరుందండి" అన్నాడు పెద్దింటయ్య. "గెలిచింది నేను. నిన్న ఇవ్వడం నా తప్పు. నాది నాకిచ్చెయ్యండి."

ఇంతే. అందులో మెలిక లేదు, వెక్కిరింపు లేదు. జనం ఇంకా ఏమైనా వస్తుందేమోనని కాస్సేపు చూశారు. ఏమీ రాలేదు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వు లేకపోయేసరికి ఎవరికి ఎటు చూడాలో తెలియలేదు.

బుచ్చిబాబు మామగారి వంక చూశాడు. మామగారు నేల చూపులు చూశారు. పెద్దింటయ్య కదలకుండా చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. చివరికి బుచ్చిబాబు పిన్ను విప్పి, పతకం ఆ చేతిలో పెట్టాడు.

పెద్దింటయ్య దాన్ని తిప్పి, పేరు పైకి వచ్చేలా తన చొక్కాకు గుచ్చుకున్నాడు. బండి తాళం పట్టాభిరామయ్యగారి చేతికిచ్చి, రోడ్డెక్కి ఇంటివైపు నడిచాడు. ఆ పూట రెండో బండి ఎక్కడానికి వచ్చినవాళ్ళు, తోలేది ఎవరో చూసుకుని, ఒక్కొక్కరే రైలు స్టేషను దారి పట్టారు.